చల్లబడేదాకా

బానెట్ మీద చెయ్యి పెట్టాను.
వెచ్చగా ఉంది.

ఉదయం ఏడున్నర. మరియంపోలె శివార్లలో మైనస్ పదకొండు.
వరసలో కార్లన్నిటి మీదా మంచు వేలెడు మందాన పేరుకుంది.
ఈ బూడిదరంగు పస్సాట్‌కి మాత్రం
ముక్కు మీద దుప్పటి ఎవరో లాగేసినట్టుంది.
"మంచు తుడుద్దామని కాస్త కదిపాను, అంతే"
అన్నాడు రిమ్‌గౌదస్,
తాళంచెవుల గుత్తిలో లేని తాళంచెవి దేనికోసమో వెతుకుతూ.

తేనెటీగలు పెంచేదాన్ని నేను.
చలికాలంలో పెట్టె మూత తియ్యం.
చెవి ఆనించి వేలి కణుపుతో ఒక్కసారి తడతాం.
ఝుమ్మని లేచి ఇట్టే అణిగిందా, లోపల రాణి ఉన్నట్టు.
మూలుగులా సాగుతూనే ఉందా, లేనట్టు.
ముందే ఎవరో తట్టి లేపిన పెట్టె
నాకేమీ చెప్పదు.

"చల్లబడేదాకా ఉంటాను."
"మూడు గంటలు పడుతుంది."
"పట్టనీ."

మీటరు లక్షా ఎనభై ఆరు వేలంటోంది.
క్లచ్ పెడల్ రబ్బరు అరిగి అరిగి
మధ్యలో రూపాయంత ఇనుము బయటపడింది.
అంకెల్ని వెనక్కి తిప్పొచ్చు.
పాదం నడిచిందాన్ని ఎవడు తిప్పుతాడు?

ఆయిల్ పుల్ల లాగి చూశాను.
డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ నల్లగా ఉంటే తప్పేం లేదు,
పోసిన వారానికే మసి అవుతుంది.
ఇదేమో లిండెన్ తేనెలా
పచ్చగా మెరుస్తూ పుల్ల చివర వేలాడింది.
తేనెరంగు చూసి అనుమానపడటం
నా యాభై మూడేళ్లలో అదే మొదలు.

వంటింట్లో రై రొట్టె, నల్ల టీ.
కుర్చీ కింద కుక్క ఊరికే నిట్టూరుస్తోంది.
మొదటి కప్పు మాటల్లేకుండా అయిపోయింది.
రెండో కప్పులో చక్కెర కరిగిపోయాక కూడా
చెంచా తిప్పుతూనే అన్నాడు:

"నాకమ్మినప్పుడు లక్షా పది వేలుండేది.
జర్మనీ నుంచి ట్రాలీ ఎక్కి వచ్చింది.
ఆ రోజూ ఇంతే చలి.
నేనూ బానెట్ మీద చెయ్యి పెట్టాను.
వెచ్చగా ఉంటే,
అబ్బ, ప్రాణమున్న బండి, అనుకున్నాను."

నవ్వాలో వద్దో తెలియలేదు. కుక్కని నిమిరాను.

పదిన్నరకి బయటికొచ్చాం.
ఈసారి బానెట్ చేతికి అంటుకునేంత చల్లగా ఉంది.
తాళం సగం తిప్పాడు. పసుపు దీపం
చుట్టల తీగలా వెలిగి, ఆగి, ఆగి, ఆరింది.
ఇప్పుడు.

దగ్గింది.
మళ్లీ దగ్గింది, పొడిగా, వరస తప్పి.
కారంతా ఒక పక్కకి ఊగింది.
వెనక తెల్లటి పొగ నేలబారున పాకి
పక్కింటి కంచెలో దూరింది.
నేను మోకాళ్ల మీద కూచుని వాసన చూశాను:
కళ్లు మండించే పచ్చి డీజిల్.
నీలం లేదు. ఆయిల్ మాడిన కమురు లేదు.
ఆయిల్ మూత తీసి తిరగేసి పెట్టాను.
కాస్త వణికింది గాని ఎగిరిపడలేదు.
పదిహేను లెక్కపెట్టేలోగా
నాలుగు గొంతులూ ఒక్కటై సర్దుకున్నాయి.

"మూడో సిలిండర్ గ్లో ప్లగ్గు పోయింది"
అన్నాడు నేనడక్కుండానే.
"తీస్తే లోపల విరుగుతుందని మెకానిక్ ముట్టుకోలేదు.
ఆర్పేటప్పుడు గియర్ల దగ్గర గలగలా వినబడుతుంది.
అది కూడా."
"ఇంకేమైనా?"
చాలాసేపు ఆలోచించాడు.
"డ్రైవర్ కిటికీ వానకి ఏడుస్తుంది."

చెప్పిన ధరలో నాలుగొందల యూరోలు తగ్గించాను.
మూడొందల యాభై దగ్గర ఒప్పుకున్నాడు.
అలవాటుగా సంచిలో పడేసుకున్న తేనె సీసా ఒకటుంటే
ఇవ్వాలా మానాలా అనుకుంటూ
చివరికి వాళ్ల గుమ్మం పక్క మంచులో పెట్టి వచ్చాను.

ఇల్లు డెబ్బై కిలోమీటర్లు.
రేడియో పెట్టలేదు.
హీటరు ఫ్యాన్ కూడా ఆపేశాను.
కల్వారియ దాటాక ఎత్తులో
టర్బో సన్నగా ఈల వేసింది. మామూలు ఈలో, మరోటో.
కిటికీ కొంచెం దించి
చెవి ఆ వైపు పెట్టాను.