ఎడమ పక్క పది వరసలు

పుస్తకంలో మనిషికి రెండు భుజాలూ ఒకటే ఎత్తు.
ముందు భాగం సగానికి మడిస్తే
అంచు అంచుతో కలిసిపోతాది.
మిషన్ ఆసుపత్రి సిస్టరమ్మ ఇచ్చిపోయిన పుస్తకం అది,
బొమ్మల్లో మంచు, మంచులో నవ్వే తెల్లోళ్ళు.

మా మద్దిలేటి బేతంచెర్లలో
ఇరవై రెండేండ్లుగా బండలు మోస్తాడు.
కుడి భుజం రెండు వేళ్ళు కిందికి.
రెడీమేడ్ చొక్కా ఏది తొడిగినా
కాలరు ఒక పక్కకి జారి
ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టే ఉంటాది.

డిసెంబరులో రాత్రి షిఫ్టు.
కోత మిషను మీద నీళ్ళు పడతానే ఉంటాయి,
రొమ్ము దాకా తడుస్తాడు.
స్వెటరు కొందామని పోతే
"మీడియమా, లార్జా?" అన్నాడు అంగడాయన.
నా మొగుడు ఆ రెండిట్లోనూ లేడు.

కర్నూలు పోయి ఉన్ని తెచ్చుకున్నా,
వక్క రంగుది, ఎనిమిది ఉండలు.
ముందు అరచెయ్యంత ముక్క అల్లినా.
ఉతికినా. నీడలో ఆరేసినా.
ఉతక్క ముందు ఒక మాట చెప్పే ఉన్ని
ఉతికినాక ఇంగో మాట చెప్తాది,
రెండో మాటే నమ్మాల.
పది సెంటీమీటర్లకి ఇరవై కుట్లు,
ఇరవై ఎనిమిది వరసలు.

గోడ మీది క్యాలెండరు చించి
వెనకపక్క రాసుకున్నా.
రొమ్ము తొంభై రెండు. ఊపిరాడేదానికి ఎనిమిది.
చుట్టూ రెండు నూర్ల కుట్లు.
ఏడో తరగతి లెక్కల్లో తప్పినదాన్ని,
పొయ్యి మీద పప్పు మాడినా లేవకుండా
దశాంశాలు దింపినా.
రెండు వేళ్ళంటే మూడున్నర.
ఎడమ భుజం కాడ పది వరసలు ఎక్కువ.
వరస కొస దాకా పోకుండా
నడుమనే సూది తిప్పి వెనక్కి రావాల.
ఈ సంగతి నా పుస్తకంలో యాడా లేదు,
రేయి రెండు గంటలప్పుడు చేతికే తట్టింది.

తొడుక్కున్నాడు.
అద్దంలో కాలరు మధ్యలో నిల్చింది.
"ఏందిమే, నేను నిటారుగా ఉన్నానా?" అన్నాడు.
అద్దం ముందునుంచి జరగడే.

నాలుగో రోజు నడుము పట్టుకుని వచ్చినాడు.
బండ పైకెత్తినప్పుడల్లా స్వెటరు పైకి పోయి
నడుముకి చలిగాలి కొట్టిందంట.
తప్పు నాది.
ఊరికే నిలబెట్టి కొలిచినా.
ఊరికే నిలబడే మనిషా ఆయన?

టేపు మెళ్ళో వేసుకుని ఫ్యాక్టరీకి పోయినా.
రంపం కూతలో మాట ఇనపడదు.
ఎత్తమని సైగ చేసినా, ఎత్తినాడు.
ఆ వీపు ఎంత పొడుగో
పెండ్లయిన పద్దెనిమిదేండ్లకి తెలిసింది.
"ఏమ్మా, నాపరాయి కొలిచేకి వచ్చినావా?"
అని సూపర్‌వైజరు నవ్వినాడు.
నేను అంకెలు మర్చిపోతానని పలకలేదు.
తొమ్మిది సెంటీమీటర్లు. వెనకపక్క మాత్రమే.
ఇరవై అయిదు వరసలు.

మెడకాడ్నుంచి కిందికి అల్లినా కాబట్టి బతికిపోయినా,
అంచు విప్పితే చాలు.
రెండు దినాల పని
టీ చల్లారేలోపల ఉండ అయ్యింది.

పక్కింటి హుసేనమ్మ వచ్చింది.
"మా పిల్లోనికీ ఆ లెక్క రాసియ్యి."
క్యాలెండరు దాచుకున్నా.
"ఇది మద్దిలేటి లెక్కక్కా, వేరేవాళ్ళకు పట్టదు.
మీవోడు ఆటో తోలేటోడు,
కడుపుకాడ మడత పడతాది, ముందర పొట్టిగా ఉండాల.
వాణ్ణి ఆటోలో కూచోబెట్టే కొలవాల."
రేపే పంపిస్తానని పోయింది.

ఈ ఏడు చలి మొదలైనాక
ట్రంకులోంచి స్వెటరు తీసిచ్చినా.
మోచేతుల కాడ బండపొడి
ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.
కాలరు మళ్ళా కొంచెం కుడికి.

ఉన్ని సాగిందేమోనని కొలిచినా.
సాగలేదు.

క్యాలెండరు కాగితం తీసి
పది కొట్టేసి
పన్నెండు రాసినా.