పంటికింద స్క్రూడ్రైవరు

పూతలపట్టు మిట్ట ఎక్కేటప్పుడు
నా బండి రొప్పతాది.
కాళ్ల కాడ ఐసు పెట్టె,
అందులో పదిహేడు మంది నెత్తురు.
ఒక్కో గొట్టానికీ ఒక్కో చీటీ:
చెంగమ్మ, అరవై రెండు, పరగడుపున.
పది లోపల చిత్తూరు ల్యాబుకు చేర్చకపోతే
రేపు మళ్లీ ఆమె
కాఫీ చుక్క లేకుండా కూర్చోవాల.

గ్రీమ్స్‌పేటలో దస్తగిరన్న కాడ ఆపినా.
పికప్పు లేదు, ఇంజను పోయినట్టుంది అని
చేతులు తిప్పి చెప్పినా.
ఆయనకు వినపడదు.
ముప్పై ఏండ్లు లారీ షెడ్డులో
రేకుల కింద సుత్తి దెబ్బలు
చెవులు రెండూ తినేసినాయంట.

ఇంజను పక్క చూడనే లేదు.
వంగి, వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కినాడు,
మండీలో మామిడికాయను నొక్కినట్టు.
"చెప్పులు జారిపోతాంటే
మోకాళ్లను తిడతావేంది మే?"
వీధంతా వినేటట్టు అరిచినాడు.

ముల్లు పద్దెనిమిది చూపించింది.
ఉండాల్సింది ఇరవైతొమ్మిది.
టైరు రెండంచులూ బోడి గుండ్లు,
నడుమ మాత్రం గాట్లు కొత్తగా ఉండాయి.
"అంచులరిగితే ఆకలి,
నడుమరిగితే అజీర్తి.
గాలి పొద్దున్నే చూసుకో, చక్రం చల్లగున్నప్పుడు.
ఎండ కెక్కినాక అది అబద్ధాలు చెప్తాది."
ఎంగిలి వేలు వాల్వు మీద పెట్టి
బుడగ కోసం కాసుకున్నాడు.
రాలేదు.

గాట్లలో ఇరుక్కున్నవన్నీ మేకుతో ఏరి
పాలపొడి డబ్బాలో వేసినాడు:
కంకర, తుమ్మముల్లు, సీసా పెంకు.
అడుగున ఒక చెవికమ్మ.
ఎవురిదని కనుబొమ్మ లేపితే
నాలుగు వేళ్లు చూపించినాడు.
నాలుగేండ్లుగా ఎవురూ అడగలేదు.

ప్లగ్గు ఊడదీసినాడు. కొన మసి.
"ఇటుక రంగుండాల" అని ఉప్పుకాగితంతో రుద్దినాడు.
ఫిల్టరు నేలకేసి తడితే
నేను తిరిగిన ఊర్లన్నీ రాలినాయి.
కార్బురేటరు స్క్రూ మొత్తం బిగించి
ఒకటిన్నర చుట్టు వదిలినాడు.

చెవుల్లేని మనిషి
ట్యూనింగెట్ట చేస్తాడా అని చూస్తాంటే
పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి
పిడిని పంట కరచుకొని
కండ్లు మూసుకున్నాడు.
వెనక ఆర్టీసీ బస్సు హారను కొడతాంది,
టీ అంగట్లో ఎవురో ఎవురినో అరుస్తాండారు.
ఆయన దవడలో మాత్రం నా బండి.
ఇంకో చేత్తో స్క్రూను వెంట్రుకవాసి తిప్పినాడు.
నొసటి ముడతలు ఒకటొకటే విప్పుకున్నాయి.
మళ్లీ ఒకటి ముడుచుకునింది.
ఇంకో వెంట్రుకవాసి.

ముప్పై రూపాయలు తీసుకొని
ఐసు పెట్టెను బొటనవేలితో తట్టి
"దీంట్లో గాలెంత?" అన్నాడు.
నేను నవ్వేలోపలే
ఇంకో బండి చక్రం నొక్కతాండాడు.

తొమ్మిది యాభై రెండుకు గొట్టాలు ఇచ్చేసినా.

రాత్రి ఇంటి ముందర ఇంజను పెట్టి
వంటింటి స్క్రూడ్రైవరు కరిచి చూసినా.
ముందు ఇనుము రుచి.
తర్వాత పంటి మొదట్లో
చిన్నగా, కుదురుగా,
ఎవురో బియ్యం చెరుగుతాండినట్టు.
మా పిల్లోడు "ఏమ్మా, వినపడతాందా?" అన్నాడు.
నోట్లో పిడి ఉండాది,
తల మాత్రం ఊపినా.