తుడుపు

రేషను మిషనుకి నేను తెలీదు.
ఇరవై రెండేళ్లు పలకలు రుద్దీ రుద్దీ
వేళ్ల గీతలు అరిగిపోయినాయి.
బొటనవేలు పెడితే ఎర్ర లైటు.
"ఇంకో వేలు పెట్టు హుసేనమ్మా" అంటాడు డీలరు.
పది వేళ్లూ అయ్యాక
వెనకున్న ముసలామె సాక్ష్యం చెప్పాలి,
ఈమె ఈమేనని.

ఫోనుకి మాత్రం నేను తెలుసు.

కొన్నప్పుడు మా ఇలియాసు పక్కన కూర్చుని
అడిగినదానికల్లా నొక్కత్తా అన్నాడు.
ఒప్పుకుంటున్నాను. ఒప్పుకుంటున్నాను.
నిఖాలో మూడుసార్లే చెప్పించారు,
దీనికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.
ఏం ఒప్పుకున్నానురా అంటే
అది ఎవురూ చదవరత్తా అని నవ్వాడు.

చలికాలం నడిమధ్యలో దగ్గు పట్టింది.
తర్లుపాడు రోడ్డు షెడ్డుల్లో దగ్గని వాళ్లెవరు?
కనుబొమల మీద దుమ్ము,
అన్నం గిన్నె మూత మీద దుమ్ము,
దగ్గు కూడా కూలిలో భాగమే అనుకుంటాం.
ఆ రోజు మాత్రం కొంగుకి ఎర్రగా అంటింది.
మౌలాలికి చెప్పలా. అమ్మకి చెప్పలా.
కొంగు ఉతికి ఆరేసి,
అందరూ పడుకున్నాక
దుప్పట్లో తలపెట్టి ఫోనుని అడిగా,
అల్లాకి చెప్పుకునేంత గొంతుతో.

తెల్లారేసరికి బేరగాళ్లు దిగారు.
ఊపిరితిత్తుల పరీక్ష, ముప్పై శాతం తగ్గింపు.
లేహ్యం, రెండు డబ్బాలు కొంటే ఒకటి ఉచితం.
కోటు తొడుక్కుని నవ్వే ఒకాయన:
మీ తర్వాత మీ పిల్లల సంగతేంటి?
నా తర్వాత గురించి నేనింకా అనుకోలా.
వీడియోలు చూద్దామని ఫోను అందుకున్న మా పాప
"అమ్మా, నీకన్నీ ముసలోళ్ల మందులొస్తన్నాయేందే" అంది.
లాక్కున్నా.
ఊరికే తిట్టా పిల్లని.

మార్కాపురం ఆసుపత్రిలో
కఫం డబ్బీ పట్టుకుని బెంచీ మీద కూర్చుంటే
ఆ చివర, మొహానికి తువ్వాలు కట్టుకుని
మా షెడ్డు గుమాస్తా చెన్నకేశవులు.
ఆయన గోడ మీద బల్లిని చూశాడు.
నేను నా చెప్పులు చూసుకున్నా.
మనిషికీ మనిషికీ అదొక మర్యాద,
చూసి కూడా చూడకపోవటం.
పేరు పిలిస్తే లేచిపోయాడు,
తువ్వాలు తియ్యకుండానే.

ఆ మాపు ఫోను మోగలా. వెలిగింది.
'మీకు తెలిసినవారు కావచ్చు.'
చెన్నకేశవులు, తువ్వాలు లేకుండా,
కూతురి పెళ్లిలో దిగిన ఫోటో,
కండువా, నుదుట బొట్టు.
ఆయన కింద ఇంకో ముగ్గురు.
ఒకామెని ముక్కుపుడక బట్టి గుర్తుపట్టా,
నా ముందు డబ్బీ ఇచ్చిన మనిషి.
బెంచీకి బెంచీ ఎత్తుకొచ్చి
నా అరచేతిలో దించింది.
అంటే ఆయన అరచేతిలో
నేనూ దిగే ఉంటా.

చిన్నప్పుడు పలక మీద తప్పు రాస్తే
ఉమ్మేసి అరచేత్తో తుడిచేవాళ్లం.
దొండాకు పెట్టి రుద్దితే నల్లగా నిగనిగ,
అసలేమీ రాయనట్టు.
అయివారు కూడా కనిపెట్టలేకపోయేవాడు.
మా ఊరి రాయికి ఆ గుణం ఉంది.

నేనడిగిన మాట తుడిచెయ్యమన్నా ఇలియాసుని.
తుడిచాడు. "నీ దగ్గర పోయిందత్తా."
"వాళ్ల దగ్గర?"
వాడు చార్జరు వైరు చుట్టుకుంటా ఉండిపోయాడు.

శనివారం కూలి లెక్క.
డజన్లు ఎంచి, అంచు పగిలినవి పక్కకి తీస్తా
చెన్నకేశవులు తలెత్తలా.
నా వంతు వచ్చింది.
పగిలిన పలకొకటి నా వైపు తిప్పి
బలపంతో ఒక మాట రాశాడు.
కింద నేనొక మాట రాశా.
చదివి, ఇంకోటి రాశాడు.
వెనక నుంచి మాబున్నీ మెడ సాచింది.
తడిగుడ్డతో ఒక్క తుడుపు.

ఏం రాశాడని దారంతా అడిగింది మాబున్నీ.
మీరూ అడగబాకండి.