వచ్చిన దర్వాజలనే పోవాలె

ఏనుమాముల యార్డుల మిర్చి దిగిన రాత్రి
సర్వర్ గదిల గూడ దగ్గే.
ఏసీ గాలికి ఘాటు తోడైతే
కండ్లు తుడుసుకుంట టైపు జేస్తున్న.

కంపెనోడు ఎనిమిది అడ్రసులిచ్చిండు.
ఎనిమిదంటే ఎనిమిది గావు:
మొదటిది వాడకు పేరు,
ఆఖరుది డప్పు చాటింపుకు,
ఇంకోటి వాళ్ల గేటుకే.
తరుగు దీసినంక మిగిలినయి ఐదు.
తరుగు లేకుంట ఈ మార్కెట్ల
ఏది తూగింది గనక?

లోపల మా మిషన్లకు ముద్దుపేర్లే.
పది, సున్నా, సున్నా, పన్నెండు.
గసొంటి పన్నెండు కాజీపేటల ఉంటది, జనగామల ఉంటది,
ఇంటికో చిన్నోడున్నట్టు.
కడప దాటి ‘చిన్నోడా’ అని పిలిస్తే
ఎవడని పలుకుతడు?
అందుకే గేటుకాడ ఫైర్‌వాల్‌ను నిలవెట్టినం.
బయటోళ్లు బడిపేరుతోని అడిగితే
ఇంటిపిలుపుకు మార్చి లోపలికి తోలాలె,
మళ్లిపోయేటప్పుడు బడిపేరు తొడిగి పంపాలె.

రూలు రాసిన. చదివిన. కొట్టేసి మళ్ల రాసిన.
ధరల బోర్డు తెరుసుకోలే.

పదకొండు. పన్నెండున్నర.
నస్రీన్ హన్మకొండ నుంచి ఫోన్ల:
“లోపలికొస్తున్నయా?”
వస్తున్నయి. లాగుల కనవడుతున్నయి.
“జవాబిస్తున్నదా?”
ఇస్తున్నది.
“మరి ఎటువోతున్నది?”

నా దిక్కు సప్పుడు లేదు.

కిటికీల నుంచి చూస్తే కింద కొమ్మాలు,
చీటీలు నాలుకకద్దుకుంట బండ్లు లెక్కవెడుతున్నడు.
ముందుగేటుల రాసుకున్న బండి
ఎనుకగేటుల పోతే
కాయితంల అది ఇంకా లోపలే ఉన్నట్టు.
నిరుడు ఒకటి గట్లనే పోయింది,
ఆయన జీతంల కోసిండ్రు.

అగో.
మూలకు పాత రౌటరు, దుమ్ముల,
తీసేద్దామనుకొని తీసెయ్యనిది.
మా మిషన్ ఇంకా దాన్నే దర్వాజ అనుకుంటున్నది.
అడిగినోడు ఈడ నిలవడె,
జవాబు ఆడికెల్లి దాటిపాయె.
తన ముందటికెల్లి పోని మాటకు
గోడ ఏం పేరు తొడుగుతది?

ఒక్క వరుస మార్చిన.

వైఫై బందువెట్టి కిందికి దిగిన.
బస్తాల నడుమ నిలవడి, ముక్కుకు చున్నీ గట్టి,
నా ఇంటి తలుపే
పరాయిదాని లెక్క తట్టిన.
తెరుసుకున్నది.

బస్తాల మీద పండుకున్న పరకాల రాజకొంరయ్య
“ఏం బిడ్డా, ఒక్కదానివే నవ్వుతున్నవ్” అన్నడు.
చూపిచ్చిన.
తేజ రకం, నిన్నటికన్న ఆరువందలు తక్కువ.
చానాసేపు చూసిండు ఆ అంకెను.
“గిది సూపెట్టెతందుకా
ఇంత రాత్రిదాక?”

అడ్రసు నాది, అంకె నాది గాదు అందామనుకున్న.
అనలే.

పైకివోయేసరికి లాగు నిండిపోయింది.
తెరిచి పావుగంట గాలే,
ఎక్కడెక్కడి దేశాలనుంచో మొఖం లేనోళ్లు
ఇరవైరెండో తలుపు తట్టుడే తట్టుడు.
లేదని గూడ చెప్తలేదు ఫైర్‌వాల్.
ఊకె నిలవడ్డది.

ఐదిట్ల నాలుగు పంచిన.
ఒకటి ఎవ్వలకియ్యలే ఇంకా.
తెల్లారంగ కింద
కాంటాలు మొదలైనయి.