సూది తియ్యకు

రాణిగంజ్‌ల, బోరు మోటార్ల దుకాండ్ల నడుమ
మక్సూద్ భాయి యాంప్లిఫైయర్లు బాగుచేసే అర.
షట్టర్ సగం దించితే నలుగురం పడతం.
ఏటా ఆగస్టుల రెండో ఐతారం.
ఎవరూ పిలువరు. వస్తం.

థెల్మా మెట్టుగూడ నుంచి ఆటోల వస్తది
మోకాళ్ళను తిట్టుకుంట.
చేతిల చినిగిన కవరు, అందుల రికార్డు.
టిన్ లాంతర్స్ వాళ్ళు జిందగీల చేసింది అదొక్కటే.
దానికి ఒక గీత.
రెండో చరణంల డెన్జిల్ గొంతు
ఒక మాట మీద కాలు జారి, మళ్ళ ఆ మాట మీదనే లేస్తది,
మూడుసార్లు.
పోయినేడు విద్యాసాగర్ మనుమడు
గీత లేని కాపీ ఎక్కడ్నో పట్టుకొచ్చి ఫోన్ల వినిపిస్తే
"వీడెవడు?" అన్నడు విద్యాసాగర్.

లాలాగూడ వర్క్‌షాపు ఫిట్టర్ కొడుకు డెన్జిల్.
అరవై ఆరుల మాకు వాని ఇంగ్లీషు సగమే సమజయ్యేది,
మిగతా సగం వాని భుజాలు చెప్పేవి.
నేను బోయిన్‌పల్లి నుంచి సైకిల్ మీద,
నాయిన అంగీ తొడుక్కొని, కాలర్ లేపి.

వానికి కరెంటు గుంయ్‌మనుడు వినబడేది.
అందరికీ వినబడ్తది. వానికి ఆగకుంట వినబడేది.
ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి, తల వంచి
"ఇయ్యాల శ్రుతి దిగింది" అనేటోడు.
గిటార్లన్నీ దానికే కలుపుమన్నడు. కలిపిన్రు.
మేం నవ్వినం. అదీ ఒక స్టైలే అనుకున్నం.
అటెన్క ఫ్యాను కింద పండుకోలేకపోయిండు.
అటెన్క ఏ ఇంట్ల గూడ.
స్టేషన్ల ఒకటో ప్లాట్‌ఫారం కొసన,
ఆవిరి ఇంజన్ల పక్కన, గోనెసంచి మీద పంటుండెనట,
అక్కడ తీగలు లేవని.

అరవై ఎనిమిది, క్రిస్మస్ ఎల్లిన మూడో రాత్రి,
రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు.
పాట నడుమ ఆగిండు.
మైకుకు నోరు కాదు, చెవి ఆనించిండు.
పదకొండు నిమిషాలంటది థెల్మా,
నాలుగు గూడ లేదంటడు మక్సూద్.
డ్రమ్ములాయన కొద్దిసేపు ఒక్కడే కొట్టి
కర్రలు ఒళ్ళ పెట్టుకున్నడు.
వెనుక నుంచి ఒక ఈల.
ఆమీద హాలంత ఈల, బూతు, సోడాసీసాల చప్పుడు.
ఇప్పుడెవర్నడిగినా ముందు వరసలనే కూసున్నరు.
అందర్నీ కూసుండబెడితే
ఆ ముందు వరస మౌలాలి దాకా పోతది.

ఎర్రగడ్డ దవాఖానకు ఒక్కసారి పోయినం.
డజను అరటిపండ్లు. వాడు మా మొఖాలు చూడలే.
థెల్మా చేతి గడియారం చెవికి పెట్టుకొని
"ఇది మంచిగుంది" అన్నడు.
ఆమె వాని మణికట్టుకు కట్టి వచ్చింది.
ఏ నెలల పోయిండో ఏ కాగితం చెప్పలే.
ఆగస్టని మేమే పెట్టుకున్నం.

ఈసారి రెండో చరణం ఎత్తుకోంగనే కరెంటు పోయింది.
యాంప్లిఫైయర్ బ్యాటరీ మీద, తిరిగే పళ్ళెం కరెంటు మీద.
గొంతు ఆగలే. బరువెక్కింది,
ఇంక బరువెక్కింది,
మెట్టు మెట్టుకు గోడ పట్టుకునే ముసలాయన లెక్క
కిందికి దిగి, ఆడ కూసున్నది.
"సూది తియ్యకు" అన్నడు మక్సూద్.

ట్యూబ్‌లైట్లు, పక్క దుకాండ్ల ఫ్రిజ్జు, గల్లీ చివర మిషన్లు,
అన్నీ నోరు మూసినయి.
యాభై ఏండ్లల రాణిగంజ్ అంత సప్పుడు లేకుంట
నేనెన్నడూ వినలే.
వాడు ఆ రాత్రి అడిగింది
ఇంతేనేమో.

చీకట్ల అన్న:
"మొదటి ఈల నాది."

ఎవరూ పలుకలే.
థెల్మా బ్యాగు జిప్పు తీసింది. మళ్ళ ఏసింది.

కరెంటొచ్చింది.
నేల మీదికెళ్లి లేచిండు డెన్జిల్,
గొంతు సవరించుకోకుండనే.
గీత కాడికి రాంగనే, అలవాటుగ,
బల్ల మీద మూడుసార్లు వేళ్ళ చప్పుడు.
ముగ్గురివే.
నా వేళ్ళను నేను తొడ కింద పెట్టుకొని కూసున్న.