కొసరు

విమానం రెక్క వంచగానే
ముందు సముద్రం, తర్వాత కొండ, మళ్ళీ సముద్రం.
కదిరి వాణ్ణి. అన్ని నీళ్ళు ఒక్కచోట చూసి
గొంతు ఎండింది.

బయట ఆటోలు. అసిరినాయుడు నా సంచి లేపబోయి
"ఏటి బాబూ, రాళ్ళేటి ఇందులో?"
రాళ్ళే. ఇత్తడి తూకపురాళ్ళు.
కాటాలు సరిచేసేది నా పని.

"హార్బరు ఎంత దూరముండాది?"
"ఇలగెల్లి అలగ తిరిగితే వచ్చేస్తాది."
నా యాసకి ఆయన నవ్వాడు, ఆయన యాసకి నేను.
ఎన్‌ఏడీ దగ్గర వంతెన
ఎవరో ముడి విప్పలేక వదిలేసిన తాడు.
కాన్వెంటు జంక్షన్ దాటాక పళ్ళ మధ్య బొగ్గుపొడి.
"మా ఊరు రాజధాని అవుద్దన్నారు బాబూ."
"అయిందా?"
"పచ్చలైటు పడిపోనాది, ఎల్లిపోదాం."

చేపలరేవులో నూకరత్నం కాటా
కిలోకి యాభై గ్రాములు తక్కువ చూపిస్తోంది.
"నీకే నష్టం కదమ్మా, ఇన్నాళ్ళూ..."
"ఎరికే నాయినా.
సరిచేసీ. ఇకనించి కొసరు
చేత్తోనే ఎయ్యాల."
స్క్రూ బిగిస్తుంటే
నా చెయ్యి కొంచెం తటపటాయించింది.

సాయంత్రం బీచికని ఎక్కిన బస్సు
భీమిలి తీసుకుపోయింది.
పోయేటప్పుడు కుడిపక్క సముద్రం,
వచ్చేటప్పుడు ఎడమపక్క.
ఈ ఊళ్ళో దారి తప్పడం కూడా సులువు కాదు.
కండక్టరు తిరుగు టికెట్టు కొట్టి, చిల్లర లేదని
రెండు రూపాయలు తర్వాతిస్తానన్నాడు.
ఇంకా బాకీ.

మర్నాడు ఎయిర్‌పోర్టులో సంచి తెరవమన్నారు.
అయిదు కిలోలు, రెండు, ఒకటి, అర.
తెలుగు రాని కుర్ర జవాను
కిలోరాయిని దోసిట్లో పట్టుకుని
వాళ్ళ ఊరి సంతేదో గుర్తొచ్చినట్టు
కాసేపు కిందపెట్టలేదు.

కౌంటరు కాటా మీద పద్నాలుగూ రెండువందలు.
కదిరిలో నా చేత్తో నేను తూచుకుంది పద్నాలుగు.
"మీ కాటా ఒకసారి చూడమంటారా?"
ఆ అమ్మాయి నవ్వలేదు. "నెక్స్ట్" అంది.

చెప్పుల్లో ఇసుక ఎంతుంటుంది?
ఆరని తువ్వాలు?
నూకరత్నం పేపర్లో చుట్టి,
వద్దన్నా దోపిన ఎండు నెత్తళ్ళు -
వాటి తూకం అడగడం మర్చిపోయాను.
తూచి కూడా ఉండదు ఆమె.

బెల్టు కదిలింది.
రబ్బరు తెరల కిందికి
ఆ వాసనతో సహా వెళ్ళిపోయింది
నా సంచి.