ఐదు సెంట్లు, తూర్పు ముఖం

చీటీ పాడిన డబ్బు చొక్కా లోపలి జేబులో ఉంది.
మా ఆవిడ రెండు చోట్ల పిన్నీసులు పెట్టింది.
సోంపేటలో రైలు దిగి, ఆటోలో
జీడితోటల మధ్య నుంచి బారువ చేరేసరికి
గవరయ్య అప్పటికే టేపు విప్పి నిలబడ్డాడు.

"తూర్పు ముఖం మాస్టారూ. ఎదురుగా ఇంక ఇల్లు రాదు.
ఎవుడు కడతాడు, సముద్రం మీద?"

నేను మాస్టార్ని కాను.
విజయనగరంలో ఓ కాలేజీ ఫిజిక్సు లాబులో అటెండర్ని.
ముప్పై ఒక్క ఏళ్లుగా తక్కెడలు తుడుస్తూ
పెట్టెలోంచి జారిన మిల్లీగ్రాములు వెతుకుతుంటాను.
ఆ మాట చెప్పలేదు.
మాస్టారూ అంటే బాగుంది.

టేపు కొన నా చేతికిచ్చి "అలగే నడవండి" అన్నాడు.
ముళ్లకంప, పగిలిన తెప్ప, చీకిన వల
అరవయ్యో అడుగులో కాలికి తడి తగిలింది.
"ఆఁ, అక్కడితో సాలు" అన్నాడు
నాకో, కెరటానికో.

పుల్లతో ఇసకలో లెక్క వేశాడు.
సెంటు ఇంత. రోడ్డు పడితే ఇంత. అయిదేళ్లకి ఇంత.
ఓ కుక్క లక్షల మీదుగా నడిచి పోయింది.
"ఏసంగిలో మీరుండండి, మిగతా నెలలు అద్దెకిచ్చీయండి."
"ఎవరొస్తారు?"
"వొస్తారు."

మన భాషలో వస్తారు అంటే
రోజూ వస్తున్నారనీ అవుతుంది,
ఎప్పుడో వస్తారనీ అవుతుంది.
ప్లాట్లన్నీ ఆ రెండింటి సందులోనే ఉంటాయి.

పక్కన నెత్తళ్లు ఆరబోస్తున్న ఎర్రమ్మ
చెంబుతో నీళ్లిచ్చింది.
నేను తాగాను. కాస్త జిగటగా, కాస్త తియ్యగా ఉన్నాయి.
గవరయ్య తాగలేదు.
బండి సీటు ఎత్తి, తన సీసా తీసుకున్నాడు.
ఎర్రమ్మ అది చూసి, చూడనట్టు
చేపల్ని తిరగేసింది.

"మా గుంటలిద్దరూ ఈరావలు పోనారు బాబూ, బోటు పనికి.
సముద్రం ఇక్కడున్నాది, జీతం అక్కడున్నాదట.
కొనుక్కో, కొనుక్కో. గాలి మాత్రం బాగుంటాది."

రాత్రి లాడ్జిలో నేనొక్కణ్ణే.
ఇంత నిశ్శబ్దం ఎక్కడా వినలేదు. నిద్ర పట్టలేదు.
ఇది విశ్రాంతో, అలవాటు లేకపోవడమో
తేల్చుకోలేక ఒడ్డుకి నడిచాను.

ఎర్రగుడ్డ కట్టిన మా మూలకర్రకి మూడడుగుల ఇవతల
ఓ తాబేలు గొయ్యి తవ్వుతోంది.
తాబేళ్ల కాపలా కుర్రాళ్లు టార్చి వెలుతురు మూసి పట్టుకుని
లోపల్లోపల లెక్కపెడుతున్నారు.
నూట పన్నెండు.
అది ఇసక కప్పి, గట్టిగా అదిమి,
వెనక్కి చూడకుండా నీళ్లలోకి పోయింది.
బయానా లేదు, దస్తావేజు లేదు.
"వెయ్యిటికి ఒకటి నిలుస్తాది సార్" అన్నాడు
కృపాసాగర్ అనే పిల్లాడు.
ఆ వడ్డీకి ఏ బ్యాంకూ ఒప్పుకోదు.

తర్వాత వాళ్లు గుడ్లన్నీ ఒక్కొక్కటే బకెట్లోకి తీశారు.
"ఎక్కడికి?"
"పైకి, కంచె లోపలకి సార్.
ఇక్కడుంచితే నీళ్లొచ్చెస్తాయి కదా."

కదా అన్నాడు.
నాకు తెలిసే ఉంటుందన్నట్టు.

తెల్లారి గవరయ్యకి చెప్పలేకపోయాను.
మా ఆవిణ్ణి అడగాలన్నాను.
ఆయన నవ్వాడు. అందరూ అదే చెబుతారు కాబోలు.

సోమవారం లాబులో, ప్యాంటు మడతలోంచి
బల్ల మీద చారెడు ఇసక రాలింది.
కాగితంలోకి ఎత్తి తక్కెడలో పెట్టాను.
ముల్లు అటూ ఇటూ ఊగుతూనే ఉంది.
కిటికీ మూస్తే నిలబడుతుందని తెలుసు,
నేనే పిల్లలకి చెబుతుంటాను.
మూయలేదు.

జేబులో ఫోను మోగింది.
"మాస్టారూ, మరో రెండు పార్టీలు సూస్తన్నాయి..."
పిన్నీసు ఇంకా తియ్యలేదు.
వంగినప్పుడల్లా చిన్నగా గుచ్చుకుంటోంది.